రాలిన ఆకు నేలకా, గాలికా? నల్లమల ఎండుటాకుల కార్బన్ లెక్క

క్లుప్తంగా: నల్లమల, శేషాచలం లాంటి పొడి కొండల్లో ఆకు ఎక్కువగా జనవరి, ఏప్రిల్ మధ్య రాలుతుంది. అది కుళ్ళడానికి కావలసిన తడి జూన్ దాకా రాదు. ఈ మధ్యలో ఉన్న ఎండాకాలంలో ఆకు కాలిపోతే అందులోని కార్బన్ దాదాపు అంతా గాలిలో కలుస్తుంది. తొలకరి దాకా నిలిస్తే అందులో కొంత వాటా నేలకు దక్కుతుంది. ఆ వాటా చిన్నదే. కానీ అడవి నేల కూడబెట్టుకున్నదంతా అలా ఏటా కొంచెం కొంచెంగా చేరిందే.

మార్చి వచ్చేసరికి ఏటా నల్లమల, శేషాచలం కొండల మీద ఎక్కడో ఒకచోట పొగ కనిపిస్తుంది. ఉపగ్రహాలు పసిగట్టిన మంటల వివరాలను డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రాష్ట్రాల అటవీ శాఖలకు పంపుతూనే ఉంటుంది. చాలాచోట్ల కాలేది చెట్టు కాదు, చెట్టు కింద పడి ఉన్న ఆకు. ఆ వార్తలు వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న కూడా వస్తుంది. ఆకు కుళ్ళినా వచ్చేది కార్బన్ డయాక్సైడే, కాలినా వచ్చేది అదే కదా, మరి తేడా ఏముంది?

ప్రశ్న సబబైనదే. ఆకులోని కార్బన్‌లో ఎక్కువ భాగం ఎలాగూ గాలిలోకే తిరిగి పోతుంది. అది పోయిన వానాకాలంలో చెట్టు గాలి నుంచి తీసుకున్నదే. తేడా అంతా మిగిలే ఆ కొద్ది భాగంలో ఉంది. భారతదేశ అడవుల్లో ఉన్న మొత్తం కార్బన్‌ను ఫారెస్ట్ సర్వే 2021 నివేదికలో 720 కోట్ల టన్నులుగా లెక్కగట్టింది. అందులో సగానికి పైగా ఉన్నది చెట్లలో కాదు, నేలలో. అడవులు, చెట్ల ద్వారా 2030 నాటికి అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతామని దేశం ప్రపంచానికి మాట ఇచ్చింది కూడా. మొక్కలు నాటడం గురించి ఇంత మాట్లాడుకుంటున్నప్పుడు, ఉన్న అడవి నేలలోకి కార్బన్ ఎలా దిగుతుందన్నది పక్కన పెట్టే విషయం కాదు.

మన ఆకురాలు కాలం వేరు

ఇంగ్లండ్, అమెరికాల్లో ఆకు రాలేది అక్టోబరు, నవంబరుల్లో. చలి ముంచుకొస్తుంది, పగలు కురచబడుతుంది, చెట్టు ఆకు వదిలేస్తుంది. రాలిన ఆకు తడి నేల మీద పడి, మంచు కింద నాని, వసంతం నాటికి మెత్తబడుతుంది. మన నిఘంటువుల్లో ఆ కాలానికి శరదృతువు అనీ, ఆకురాలు కాలమనీ రెండు అర్థాలూ కనిపిస్తాయి. కానీ శరత్తులో, అంటే ఆశ్వయుజ కార్తీకాల్లో, నల్లమల నిండా పచ్చగా ఉంటుంది. ఇక్కడ ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. కారణం చలి కాదు, నీళ్ళు లేకపోవడం.

నేలలో తడి తగ్గేకొద్దీ చెట్టుకు ఆకు భారమవుతుంది, ఎందుకంటే ఆకు ఉన్నంతసేపూ నీరు ఆవిరైపోతూ ఉంటుంది. అందుకే తొడిమ మొదట్లో బలహీనమైన కణాల పొర ఒకటి తయారవుతుంది. ఆకును వదిలేముందు చెట్టు అందులోని నత్రజని, భాస్వరాలలో సుమారు సగాన్ని వెనక్కి లాక్కుంటుంది. ఆకు పసుపుబారేది ఈ దశలోనే. ఆ తర్వాత చిన్న గాలికే తెగి పడుతుంది. నేల మీద పడేది అప్పటికే సారం సగం తీసేసిన ఆకు, ఎక్కువగా కార్బన్ మిగిలిన ఆకు.

అన్ని చెట్లూ ఒకేసారి ఆకు వదలవు. మోదుగ ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు లేని కొమ్మల మీద ఎర్రగా పూస్తుంది. ఇప్ప ఆకు రాల్చి, పూత పూసి, ఎండలు మండుతుండగానే కొత్త ఆకు తొడుగుతుంది. టేకు మాత్రం వానల దాకా మోడుగానే నిలబడుతుంది. ఈ తేడాల వల్ల ఆకు మూడు నాలుగు నెలల పాటు విడతలు విడతలుగా నేలకు చేరుతుంది. ఏప్రిల్ నాటికి చెట్ల కింద ఎండుటాకు దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. వానకు కనీసం ఇంకో నెలన్నర ఉంటుంది.

ఎకరాకు ఎంత ఆకు?

ఇలాంటి పొడి అడవుల్లో హెక్టారుకు ఏడాదికి 3 నుంచి 8 టన్నుల దాకా ఎండుటాకు, పుల్ల, పూత, కాయ రాలుతుంది. ఉదాహరణకు 5 టన్నులు అనుకుందాం, అంటే ఎకరాకు సుమారు 2 టన్నులు. ఎండిన ఆకు బరువులో సగానికి కాస్త తక్కువ కార్బన్ ఉంటుంది. అంటే హెక్టారుకు దాదాపు 2.4 టన్నుల కార్బన్. అదంతా గాలిలోకి పోతే దాదాపు 9 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, ఎందుకంటే ఒక్కో కార్బన్ పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువులు తోడై బరువు మూడున్నర రెట్లు దాటుతుంది.

ఈ 9 టన్నులను చూసి అడవి కాలుష్యం చేస్తోందనుకోవడం పొరపాటు. చెట్లు దాన్ని మళ్ళీ వానాకాలంలో గాలి నుంచి తీసుకుంటాయి. బొగ్గు, పెట్రోలు కాల్చినప్పుడు అలా జరగదు. కోట్ల ఏళ్ళ కిందట భూమిలోకి పోయిన కార్బన్ కొత్తగా గాలిలో చేరుతుంది. ఆకు లెక్కలో చూడవలసింది ఎంత పోయిందన్నది కాదు, ఏటా ఎంత ఆగిందన్నది.

ఎండలో కూర్చున్న ఆకు

కుళ్ళడమంటే సూక్ష్మజీవులు తినడం. వాటికి తడి కావాలి. మార్చి ఎండలో కరకరలాడే టేకు ఆకు మీద అవి దాదాపు నిద్రలోనే ఉంటాయి. అలాగని ఆ నెలల్లో ఏమీ జరగదని కాదు.

ఒకటి, ఎండే ఆకును విరుస్తుంది. అర్జెంటీనాలోని పటగోనియా మెట్ట భూముల్లో చేసిన ప్రయోగాలను 2006లో ప్రచురించారు. సూక్ష్మజీవుల కంటే సూర్యరశ్మే అక్కడ రాలిన ఆకులను ఎక్కువగా క్షీణింపజేస్తోందని అందులో తేలింది. ఆకును గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్ కాంతిని పీల్చుకుని ముక్కలవుతుంది. పొడి కొండల్లోనూ చెట్లు మోడువారాక ఎండ అడ్డు లేకుండా నేలకు దిగుతుంది కాబట్టి పై వరస ఆకుల్లో ఈ పని ఎంతో కొంత సాగుతుంది.

రెండోది చెదలు. ఎండాకాలంలోనూ పని ఆపని జీవులవి. రాలిన ఆకు మీద, ఎండు కొమ్మ మీద పలచగా మట్టి పూత కనిపిస్తుంది. దాన్ని వేలితో గీకితే కింద ఆకు సగం మాయమై ఉంటుంది. భూమి లోతు నుంచి తడి మట్టి తెచ్చి పైకప్పు కట్టుకుని, ఆ నీడలో చెదలు ఆకును కత్తిరించి పుట్టలోకి మోసుకుపోతాయి. మన దగ్గర పుట్టలు పెట్టే చెదల్లో చాలావాటికి ఆకును సొంతంగా అరిగించుకునే శక్తి అంతగా లేదు. నమిలిన ఆకుతో పుట్టలో తేనెపట్టులాంటి గూళ్ళు కట్టి, వాటి మీద ఒక రకం బూజును పెంచుతాయి. లిగ్నిన్‌ను విరిచే పని ఆ బూజుది. వానలు పడ్డాక పుట్ట మీద గొడుగుల్లా పైకి వచ్చేది అదే. పుట్టగొడుగు అన్న మాటలో ఈ కథంతా ఉంది. అడవిలో రాలిన ఆకు చెద నోటి నుంచి బూజుకు, బూజు నుంచి జూలైలో కొండ మీది వంటపాత్రకు చేరుతుంది.

చెదలు ఆకు కార్బన్‌ను నేల లోపలికి దింపుతాయి, మట్టిని గుల్ల చేస్తాయి, వాన నీరు ఇంకేలా దారులు తెరుస్తాయి. కొంచెం మీథేన్‌ను కూడా వదులుతాయి. పొడి అడవిలో వానపాముల వంతు పనిలో చాలా భాగం వీటి మీదే పడుతుంది.

తొలకరి పడిన రోజు

జూన్‌లో మొదటి గట్టి వాన పడగానే నేల ఒక్కసారిగా ఊపిరి వదులుతుంది. ఇది అలంకారం కాదు, కొలవగలిగిన విషయం. ఎండిన నేల తడవగానే కొన్ని గంటల్లోనే అందులోంచి కార్బన్ డయాక్సైడ్ ఉప్పెనలా వస్తుంది. కొద్ది రోజుల్లో మళ్ళీ తగ్గుతుంది. తూర్పు ఆఫ్రికా నేలల మీద పనిచేసిన హెచ్. ఎఫ్. బర్చ్ 1958లో దీన్ని వివరంగా రాశాడు, అందుకే దీన్ని బర్చ్ ఎఫెక్ట్ అంటారు. ఎండకు చచ్చిన సూక్ష్మజీవుల శరీరాలు, మట్టి గడ్డల మధ్య ఇరుక్కున్న పదార్థం తడి తగలగానే అందుబాటులోకి వస్తాయి. బతికి ఉన్నవి వాటి మీద పడి తింటాయి. తొలకరి మట్టివాసనలో ముఖ్యమైన భాగం కూడా నేలలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానిదే.

ఆ తర్వాత రెండు మూడు నెలలు పని నిలకడగా సాగుతుంది. ఆగస్టులో ఆకుల దుప్పటిని చేత్తో పైకెత్తితే వరసలు తెలుస్తాయి. పైన ఈ ఏటి ఆకులు, ఇంకా ఆకారంతో ఉంటాయి. వాటి కింద నల్లబడిన ముక్కలు, ఒకదానికొకటి అంటుకుని, మధ్యలో తెల్లటి దారాల్లా బూజు అల్లుకుని ఉంటుంది. ఈనెలు మాత్రమే మిగిలి జల్లెడలా మారిన టేకు ఆకు ఒకటి అరా కనిపిస్తుంది. కుళ్ళబెట్టే జీవులు మెత్తటి భాగాన్ని ముందు తినేసి, లిగ్నిన్ ఎక్కువున్న ఈనెలను చివరికి వదిలాయన్నమాట. ఆ కింద వరస ఇక ఆకు కాదు, నల్లటి మట్టి. ఈ మూడు వరసల మందం అంతా కలిపి నల్లమలలో చాలాచోట్ల కొన్ని వేళ్ళ ఎత్తుకు మించదు. ఉష్ణం, తడి రెండూ కలిసిన ఆ కొద్ది నెలల్లోనే పని అంత వేగంగా జరిగిపోతుంది.

మెత్తటి ఆకు, మొండి ఆకు

ఏ ఆకు ఎంత త్వరగా కుళ్ళుతుందన్నది ముఖ్యంగా దాని లిగ్నిన్‌కూ నత్రజనికీ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. నత్రజని ఎక్కువుంటే సూక్ష్మజీవులకు తిండి బలం. లిగ్నిన్ ఎక్కువుంటే అడుగడుగునా ఆటంకం. వేగిస, జిట్రేగి లాంటి చిక్కుడు జాతి చెట్ల ఆకు సాధారణంగా నత్రజనిలో మెరుగ్గా ఉండి త్వరగా కలిసిపోతుంది. తోలులా మందంగా, గరుకుగా ఉన్న ఆకు ఆలస్యం చేస్తుంది.

దీని వెంటే వచ్చే ఒక అభిప్రాయం చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో కూడా ఉండేది. మొండి ఆకు నెమ్మదిగా కుళ్ళుతుంది కాబట్టి అదే నేలలో ఎక్కువ కార్బన్ మిగులుస్తుందని. గత పదిహేనేళ్ళ పరిశోధన దీన్ని చాలావరకు తిరగరాసింది. మొండి ఆకు నేల పైన ఎక్కువ కాలం కనబడుతుంది, నిజమే. కానీ నేల లోపల దశాబ్దాలు, శతాబ్దాలు నిలిచే కార్బన్‌లో పెద్ద వాటా సూక్ష్మజీవుల శవాలది. మెత్తటి ఆకును తిని అవి పెరుగుతాయి, చస్తాయి, వాటి అవశేషాలు బంకమట్టి రేణువులకు అతుక్కుని మళ్ళీ ఎవరికీ చిక్కకుండా దాక్కుంటాయి. కాబట్టి త్వరగా మాయమైన ఆకు వృథా అయినట్టు కాదు. కంటికి కనబడని చోటికి చేరిందంతే. చెట్టు వేళ్ళ కొసలు చచ్చి నేలలో కలిసే దారి కూడా ఇలాంటిదే, అది నేల లోపలే జరుగుతుంది కాబట్టి ఇంకా లాభం.

నిప్పు పడితే

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. కుళ్ళితే ఆకు కార్బన్‌లో ఎక్కువ భాగం గాలికి పోయినా, కొంత భాగం పైన చెప్పిన దారిలో నేలకు దిగుతుంది. కాలితే సూక్ష్మజీవులకు తిండే లేదు. కొద్దిగా బొగ్గుగా మిగిలినది వందల ఏళ్ళు నిలుస్తుంది. అది లెక్కలోకి తీసుకోవలసిందే. కానీ పలచటి ఎండుటాకు మంటలో మిగిలే బొగ్గు తక్కువ. పైగా కార్బన్ డయాక్సైడ్‌తో పాటు కార్బన్ మోనాక్సైడ్, మీథేన్, మసి కూడా గాలిలోకి వస్తాయి.

కార్బన్ కంటే పెద్ద నష్టం నత్రజనిది. నత్రజని సుమారు 200 డిగ్రీల వేడికే ఆవిరైపోవడం మొదలవుతుంది. కాల్షియం, పొటాషియం, భాస్వరం చాలావరకు బూడిదలో మిగులుతాయి. బూడిద పడిన చోట తర్వాత గడ్డి పచ్చగా మొలవడానికి కారణం అదే. కాలిస్తే నేలకు బలం వస్తుందన్న నమ్మకం కూడా అక్కడి నుంచే వచ్చింది. ఆ బలం ఒక సీజన్‌ది. వాలు మీద కప్పు లేకుండా మిగిలిన బూడిదను జూన్ వాన వాగులోకి ఈడ్చుకుపోతుంది. దాంతో పాటు పై మట్టి కూడా పోతుంది. నేల కార్బన్ ఎక్కువగా ఉండేది ఆ పై మట్టిలోనే. మైదానం అడవికీ కొండ అడవికీ అసలు తేడా ఈ వాలులోనే ఉంది.

2014 మార్చిలో శేషాచలం కొండల్లో రోజుల తరబడి మంటలు లేచి తిరుమల దాకా వచ్చినప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లతో నీళ్ళు చల్లవలసి వచ్చింది. అలాంటివి అరుదు. మామూలుగా జరిగేది మోకాలి ఎత్తు మంట. మొసలి చర్మంలాంటి మందపాటి బెరడున్న నల్లమద్ది దానికి చావదు. చచ్చేది రెండు మూడేళ్ళ మొలక. నాలుగైదేళ్ళకోసారి వచ్చే మంటకు ఈ అడవి తట్టుకుంటుంది. ఒకే వాలు ఏటా కాలితే పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి, వాటి కింద వారసులు ఉండరు. దూరం నుంచి చూస్తే అడవి బాగానే ఉన్నట్టు కనిపించడమే ఇందులో ఉన్న ప్రమాదం.

నిప్పు ఎక్కువగా మనిషి చేతి నుంచే వస్తుంది. తునికాకు కొత్త చిగుళ్ళు బాగా రావాలని, ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద శుభ్రంగా ఉండాలని, పశువులకు లేత గడ్డి రావాలని పెట్టేది కొంత. దారిన పోయేవాళ్ళు పారేసిన బీడీ ముక్క కొంత. ఆ నిప్పును చీపురు కొమ్మలతో కొట్టి ఆర్పేవాళ్ళలోనూ అక్కడి చెంచులే ముందుంటారన్నది వార్తల్లో తక్కువగా వస్తుంది. అటవీ శాఖ వేసవికి ముందే ఫైర్ లైన్లు గీసి ఆకును ఊడ్పిస్తుంది. మంట ఒక చోటి నుంచి ఇంకో చోటికి దాటకుండా ఆపడానికి ఇప్పటికీ అంతకంటే నమ్మదగిన పద్ధతి లేదు.

ఎత్తు మారితే లెక్క మారుతుంది

కొండ ఎక్కేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. వేడి 10 డిగ్రీలు తగ్గితే కుళ్ళే వేగం దాదాపు సగమవుతుంది. అరకు, చింతపల్లి వైపు తూర్పు కనుమలు వెయ్యి మీటర్లు దాటుతాయి. చలికాలం పొగమంచు వల్ల నేల త్వరగా ఆరదు. అక్కడ రాలిన ఆకుకు నల్లమల ఆకులాగా నెలల ఎండ తగలదు. కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ ఆకు గట్టిది, నెమ్మదిగా కుళ్ళుతుంది. కాఫీ మొక్క మొదలు చుట్టూ నేలను కప్పి ఉంచడానికి అదే పనికొస్తుంది.

నీలగిరి షోలా అడవుల్లో చలి, తడి రెండూ ఎక్కువ కాబట్టి నేల నల్లగా, కార్బన్‌తో బరువుగా ఉంటుంది. హిమాలయాల్లో మరో రకం పాఠం కనిపిస్తుంది. ఉత్తరాఖండ్‌లో ఒకే ఎత్తులో పక్కపక్కనే బాంజ్ ఓక్ అడవీ, చీర్ పైన్ అడవీ ఉంటాయి. ఓక్ ఆకు నేలలో కలిసి తడిని పట్టి ఉంచే మెత్తటి పొర అవుతుంది. పైన్ సూదులు, అక్కడివాళ్ళు పిరుల్ అంటారు, ఎండాకాలంలో రాలి కుప్పపడతాయి. జిగురు, లిగ్నిన్ వల్ల త్వరగా కుళ్ళవు. నిప్పు తగిలితే మాత్రం భగ్గుమంటాయి. 2024లో అక్కడి ప్రభుత్వం పిరుల్‌ను కిలో 50 రూపాయలకు కొంటామని ప్రకటించింది.

నల్లమలలో కూడా అలా ఆకును ఎత్తించేస్తే మంటలు తగ్గవా అనిపించవచ్చు. ఇక్కడ ఆ పోలిక కుదరదు. పిరుల్ ఏళ్ళ తరబడి పేరుకుంటుంది. మన ఆకులో చాలా భాగం ఒక్క వానాకాలంలో నేలలో కలుస్తుంది. దాన్ని ఎత్తేయడమంటే నేల తిండిని ఎత్తేయడమే. మధ్య యూరప్‌లో పశువుల కొట్టాల్లో పరవడానికి శతాబ్దాల పాటు అడవి ఆకును ఊడ్చుకుపోయారు, ఆ నేలలు ఎంతగా నిస్సారమయ్యాయో అక్కడి అటవీ శాస్త్రం గ్రంథస్థం చేసింది. ఫైర్ లైన్ మేరకు ఊడవడం వేరు, అడవంతా ఊడవడం వేరు.

ఎక్కువ ఆకు, ఎక్కువ కార్బన్?

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే చెట్లు ఎక్కువ ఆకు వేస్తాయి, ఎక్కువ ఆకు రాలితే నేలలో ఎక్కువ కార్బన్ చేరుతుంది అన్న ఆశ ఒకటుంది. పనామా అడవిలో కొన్ని చోట్ల రాలిన ఆకును తీసి మరికొన్ని చోట్ల రెట్టింపుగా వేసి చూశారు. అదనంగా వేసిన చోట సూక్ష్మజీవులు చురుకెక్కి, కొత్త ఆకుతో పాటు నేలలోని పాత కార్బన్‌ను కూడా తినడం మొదలుపెట్టాయి. అమెరికాలోని హార్వర్డ్ ఫారెస్ట్‌లో 1990 నుంచి సాగుతున్న ఇలాంటి ప్రయోగంలో కూడా ఆకు రెట్టింపైనంత మాత్రాన నేల కార్బన్ ఆ మేరకు పెరగలేదు. తీసేస్తే మాత్రం తగ్గుతుంది. పోగొట్టుకోవడం తేలిక, పెంచుకోవడం కష్టం అన్నమాట.

పొడి కొండల్లో రుతుపవనాలు ఆలస్యమైతే ఆకు ఇంకొన్ని వారాలు నిప్పుకు దగ్గరగా ఉంటుంది. ఏప్రిల్‌లో అకాల వర్షం పడితే మంట భయం కొన్నాళ్ళు తగ్గుతుంది. కానీ రెండు రోజులు తడిసి మళ్ళీ నెల రోజులు ఎండితే నేల ఒకటికి రెండుసార్లు కార్బన్ ఉప్పెన వదులుతుంది. ఏది ఎంత అన్నది కొలిస్తే గానీ తెలియదు, ఆకుల కింద జరిగేది ఉపగ్రహానికి కనబడదు.

కొలిచే పద్ధతి చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. చెట్ల కింద వల బుట్టలు వేలాడదీసి, పడిన ఆకును ఆరబెట్టి తూకం వేస్తారు. ఇంకోవైపు తూచిన ఆకును సన్నటి వల సంచుల్లో కట్టి నేల మీద పెట్టి, నెలకు కొన్ని చొప్పున తీసి ఎంత తగ్గిందో చూస్తారు. ఆ సంచిని జూన్‌లో పెడితే కుళ్ళే వేగం ఒక్కటే తెలుస్తుంది. ఫిబ్రవరిలో, ఆకు నిజంగా రాలిన రోజున పెడితే ఎండ ఎంత తిన్నదీ, చెద ఎంత మోసుకుపోయిందీ, తొలకరికి ఎంత మిగిలిందీ కూడా తెలుస్తుంది. నల్లమల లెక్క జూన్‌లో కాదు, ఫిబ్రవరిలోనే మొదలవ్వాలి.